సలహా రాసే ముందు ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో చూడండి: ప్రజారోగ్య అధికారులకు, ఆరోగ్య ప్రచార రచయితలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రజారోగ్య అధికారులకు, ఆరోగ్య ప్రచార పత్రాలు రాసేవారికి, వాటిని ఆమోదించే నిపుణుల సంఘాల సభ్యులకు నమస్కారం.

దీర్ఘకాలిక వ్యాధులతో బాధపడేవారికి ఆహారం, మందులు, వ్యాయామం గురించి విడమరిచి చెప్పే ఉద్యోగం నాది. వైద్యులు మందులు రాసి పంపిన తర్వాత రోగులు నా ఎదుటికి వచ్చి కూర్చుంటారు. మీరు అచ్చువేయించిన కరపత్రాన్ని వారి చేతిలో పెట్టి, అందులో ఉన్న ఒక్కొక్క మాటనూ వారి జీవితానికి అన్వయించి చెప్పడం నా పని. ఆ కరపత్రాల మొదటి పేజీ మీద ఇంచుమించు ఎప్పుడూ ఒకే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది: మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉంది. ఈ లేఖ ఆ వాక్యం గురించే. అది అబద్ధమని నేను అనడం లేదు. అందులో ఉన్నది సగం నిజమనీ, ఆ సగాన్నే మీరు పూర్తి నిజంగా అచ్చువేస్తున్నారనీ, మిగతా సగం ఎవరి చేతుల్లో ఉందో వారికి మాత్రం ఏ కరపత్రమూ పంపడం లేదనీ నా ఫిర్యాదు.

రాత్రి కాపలా ఉద్యోగం చేసే ఒక వ్యక్తికి మధుమేహం బయటపడి నా దగ్గరికి పంపారు. ఆయన డ్యూటీ రాత్రి ఎనిమిదికి మొదలై ఉదయం ఎనిమిదికి ముగుస్తుంది. కరపత్రాన్ని ఇద్దరం కలిసి చదివాం. ఉదయం లేవగానే అరగంట నడవాలని మొదటి సూచన. ఆయన ఉదయం లేవడు, ఉదయం పడుకుంటాడు. అల్పాహారంతో ఒక మాత్ర, రాత్రి భోజనంతో ఒక మాత్ర అని రెండోది. ఆయన కడుపునిండా తినేది డ్యూటీ దిగి ఇంటికి వెళ్లాక, మళ్లీ సాయంత్రం డ్యూటీకి బయలుదేరే ముందు. రాత్రి పది గంటలకల్లా నిద్రపోవాలన్న సూచన దగ్గర ఆయన నవ్వేశాడు. పది గంటలకు నిద్రపోతే తెల్లారేసరికి ఉద్యోగం ఉండదని ఆయన అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు. అర్ధరాత్రి దాటాక ఏం తింటారని అడిగితే, కునుకు పట్టకుండా రెండు మూడు సార్లు తీపి పానీయం తాగుతానని, చేతికందిన చిరుతిండి ఏదో ఒకటి తింటానని చెప్పాడు. గేటు వదిలి పది అడుగులు కూడా వేయడానికి వీల్లేదు, ఎందుకంటే గేటు దగ్గర ఉండేది ఆయన ఒక్కడే. కరపత్రంలో చివరి సూచన, మానసిక ఒత్తిడికి దూరంగా ఉండండి అన్నది, నేను చదవకుండా వదిలేశాను.

ఆ కరపత్రంలో వైద్యపరంగా ఒక్క తప్పు కూడా లేదు. పగలు పనిచేసి, రాత్రి నిద్రపోయి, తన పళ్లెంలో ఏముండాలో తానే నిర్ణయించుకోగలిగి, సాయంత్రం ఒక గంట తనదంటూ మిగిలే మనిషికి అది మంచి సలహా. కానీ ఆ మనిషికి జబ్బు వచ్చే అవకాశమే మిగతావారికంటే తక్కువ. ఎక్కువ ప్రమాదంలో ఉన్న మనిషిని మనసులో పెట్టుకుని రాయాల్సిన పత్రాన్ని తక్కువ ప్రమాదంలో ఉన్న మనిషిని ఊహించుకుని రాశారు. రాత్రి పని ఒంటి మీద ఎంత ప్రభావం చూపుతుందో మీకు తెలియనిది కాదు. శరీరంలోని పగలు-రాత్రి లయను చెదరగొట్టే షిఫ్టు పనిని క్యాన్సర్ కారకం కాగల అవకాశం ఉన్న అంశాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట మీద నిలబడింది. మధుమేహానికి, రాత్రి షిఫ్టులకు ఉన్న సంబంధాన్ని ఎన్నో అధ్యయనాలు గమనించాయి. ఇవన్నీ మీ గ్రంథాలయాల్లో ఉన్నాయి. కరపత్రంలో మాత్రం లేవు.

మనిషి జబ్బును అతని పని నుంచి విడదీసి చూడకూడదన్నది కొత్త సంగతేమీ కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ కార్మికుల వ్యాధుల గురించి 1700లో వెలువరించిన గ్రంథంలో తోటి వైద్యులకు ఒక సూచన చేశాడు. ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు కాలం నుంచీ రోగిని అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇంకొక ప్రశ్న చేర్చుకోవాలనీ, నీవు చేసే పని ఏమిటని అడగాలనీ ఆయన రాశాడు. పేదవాడి ఇంటికి వెళ్లినప్పుడు మంచి ఆసనం దొరకకపోతే ముక్కాలిపీట మీదైనా సరే కూర్చుని తీరిగ్గా అడగాలనీ ఆయనే అన్నాడు. మూడు వందల ఏళ్లు దాటిపోయాయి. ఇప్పటికీ నా దగ్గరకు వచ్చే కేసు షీట్లలో వృత్తి అనే గడి చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది, లేదా అందులో ప్రైవేటు ఉద్యోగం అని రెండు మాటలు ఉంటాయి. కూర్చునే పనా, నిలబడే పనా, రాత్రి పనా, పగటి పనా, మధ్యలో మరుగుదొడ్డికి వెళ్లనిస్తారా లేదా అన్నది ఆ రెండు మాటల్లో తెలియదు.

పనికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని బ్రిటన్ పరిశోధకుడు జెరెమీ మోరిస్ బృందం 1953లో లండన్ బస్సుల్లో చూపించింది. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో పనిచేస్తారు, ఇంచుమించు ఒకే రకం కుటుంబాల నుంచి వస్తారు. డ్రైవరు రోజంతా కూర్చుని ఉంటాడు, కండక్టరు రెండంతస్తుల బస్సులో రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. కండక్టర్లలో గుండె జబ్బు తక్కువగా కనిపించింది, వచ్చినా ఆలస్యంగా వచ్చింది. వ్యాయామం మంచిదని చెప్పడానికి ఈ పరిశోధనను మీరందరూ ఉదాహరిస్తూనే ఉన్నారు. కానీ ఆ కండక్టర్లు వ్యాయామం చేయాలని నిర్ణయించుకున్నవారు కారు. వారి ఉద్యోగమే వారి చేత మెట్లు ఎక్కించింది. ఇక్కడ ఒక మెలిక కూడా ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. మూడేళ్ల తర్వాత అదే బృందం ఆ సిబ్బందికి ఇచ్చిన యూనిఫారాల కొలతలు తీసి చూస్తే, చిన్న వయసులోనే డ్రైవర్ల ప్యాంటు నడుము కొలతలు కండక్టర్లవాటికంటే ఎక్కువగా ఉన్నాయి. అంటే కొంత తేడా ఉద్యోగం వల్ల వచ్చింది కాదు, ఉద్యోగంలో చేరకముందే ఉంది. మనిషి తన పనిని ఎంచుకోవడం, పని మనిషిని మలచడం ఇంతగా పెనవేసుకుని ఉంటాయి కాబట్టే, ఆరోగ్యం అంతా మీ చేతుల్లో ఉందనే వాక్యమూ, అంతా పరిస్థితుల చేతుల్లోనే ఉందనే వాక్యమూ రెండూ నాకు రుచించవు.

అలవాట్ల లెక్క ఎక్కడిదాకా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం బాగా చూపించింది. అందులో ఉన్న సుమారు 18 వేల మంది పురుషులలో పస్తులుండేవారు లేరు, నిరుద్యోగులు లేరు, వైద్యం అందనివారు లేరు. అయినా అట్టడుగు హోదాలో ఉన్న బంట్రోతులు, ద్వారపాలకులు అత్యున్నత హోదాలో ఉన్న పరిపాలనాధికారులకంటే సుమారు మూడు రెట్లు ఎక్కువగా మరణించారు. మెట్టు మెట్టుకూ తేడా ఉంది. పై నుంచి రెండో మెట్టు మీద ఉన్నవారి పరిస్థితి మొదటి మెట్టు వారికంటే అధ్వాన్నం. పొగతాగడం, రక్తపోటు, కొలెస్ట్రాల్ వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో సగం కూడా వివరణకు అందలేదు. 1985లో మొదలైన రెండో విడత అధ్యయనంలో మైకేల్ మార్మట్ బృందం, చేసే పని మీద మనిషికి ఉండే అదుపు ఎంత అన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది. పనిభారం ఒక్కటే కాదు, ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో తేల్చుకునే స్వేచ్ఛ లేకపోవడమూ గుండె మీద పడుతుందని తేలింది. ఒత్తిడికి దూరంగా ఉండండి అని కరపత్రంలో రాసేటప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోవాలని నా మనవి. ఒత్తిడిని పెట్టేవాడు ఒకడు, దానికి దూరంగా ఉండమని చెప్పించుకునేవాడు ఇంకొకడు.

ఇక సంస్కృతి సంగతి. మీ నివేదికల్లో ఈ మాట ఎప్పుడూ అడ్డంకుల జాబితాలోనే కనిపిస్తుంది: మూఢనమ్మకాలు, అపోహలు, అవగాహనా లోపం. అవి లేవని కాదు. మనోవ్యాధి సంగతి బయటికి పొక్కితే ఇంటి పరువు పోతుందని ఏళ్ల తరబడి దాచిన కుటుంబాలను, మగవాడు నొప్పి అని చెప్పుకోకూడదని గుండెల్లో మంట వచ్చినా ఓర్చుకుని చివరి క్షణంలో ఆస్పత్రికి చేరినవారిని నేనూ చూశాను. కానీ సంస్కృతి అనేది కేవలం ఎవరో తెలియనివారి తలల్లో ఉన్న నమ్మకాల మూట కాదు. ఒక ఇంట్లో ఎవరి జబ్బు లెక్కలోకి వస్తుంది, ఎవరి జబ్బు రాదు అన్నది కూడా సంస్కృతే, దాన్ని సరిచేయడానికి అవగాహనా సదస్సు సరిపోదు.

ఒక గృహిణికి రక్తపోటు ఉంది. ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితిని కరపత్రంలో చూపించి, వంటలో ఉప్పు తగ్గించమని చెప్పాను. ఆమె ఇంట్లో ఆరుగురికి కలిపి ఒకే గిన్నెలో వండుతుంది. “నా ఒక్కదాని కోసం అందరి నోళ్లూ కట్టేస్తానా అండీ?” అని అడిగింది. తన వాటా వేరుగా తీసిపెట్టుకోవచ్చు కదా అంటే, తీసిపెట్టుకుంటే నీకేమైందని పదిమంది అడుగుతారని, అడిగించుకోవడం ఇష్టం లేదని చెప్పింది. కొన్నాళ్లకు ఆమె భర్తకు కూడా రక్తపోటు ఉందని తేలింది. ఆ మరుసటి రోజు నుంచే ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గిపోయింది. ఎవరూ నోరెత్తలేదు. ఆమెకు అవగాహన లేదని ఎవరైనా అనగలరా? గరిటె ఆమె చేతిలోనే ఉంది, ఉప్పు డబ్బా కూడా ఆమెకు అందేంత దూరంలోనే ఉంది, నిర్ణయం మాత్రం ఆమెది కాదు. మీ చేతుల్లోనే అన్న వాక్యాన్ని ఆమె ముందు పెట్టి చదవడం నాకు ఎంత కష్టంగా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే మాటలు అక్కర్లేదు.

అదే సంస్కృతి మనిషిని కాపాడగలదు కూడా. జపాన్ నుంచి అమెరికాకు వలసవెళ్లిన కుటుంబాల పురుషులను కాలిఫోర్నియాలో పరిశీలించి మార్మట్, లియొనార్డ్ సైమ్ 1976లో ప్రకటించిన ఫలితాలు ఈ విషయంలో నాకు చాలా విలువైనవిగా తోస్తాయి. పాత సామాజిక బంధాలనూ జీవన పద్ధతినీ నిలుపుకున్నవారిలో గుండె జబ్బు జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉంది. కొత్త సమాజపు రీతుల్లో పూర్తిగా కలిసిపోయినవారిలో అది మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇద్దరిదీ ఒకే వంశమూలం. ఆహారం, పొగతాగడం, రక్తపోటు లాంటి తెలిసిన కారణాలు ఈ తేడా మొత్తాన్ని వివరించలేకపోయాయి. అంటుకట్టిన మొక్క బతకడం మొక్కతో పాటు మట్టి మీద కూడా ఆధారపడుతుందన్నట్టు, నలుగురి మధ్య బతికే తీరు కూడా రక్తనాళాల దాకా చేరుతుందన్న మాట. మరి ఇంత బలమున్న బంధాలను వాడుకునే ఆలోచన మన కార్యక్రమాల్లో ఎందుకు కనిపించదు? నేను చూసిన ప్రతి కరపత్రమూ ఒంటరి మనిషిని ఉద్దేశించి రాసిందే.

సంస్కృతి తరతరాలుగా తనంతట తాను వచ్చేదని కూడా అనుకోకూడదు. కొన్నింటిని డబ్బిచ్చి తయారు చేయిస్తారు. 1929లో న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపులో కొందరు యువతులు బహిరంగంగా సిగరెట్లు వెలిగించుకుని నడిచారు. అది స్త్రీ స్వేచ్ఛకు గుర్తుగా వారంతట వారు చేసిన పని అన్నట్టు పత్రికల్లో వార్తలు వచ్చాయి. దాని వెనక ఒక సిగరెట్ కంపెనీ తరఫున పనిచేస్తున్న ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్ ఉన్నాడు. ఆ తర్వాతి తరం స్త్రీలు సిగరెట్ ముట్టించుకున్నప్పుడు దాన్ని వారి వ్యక్తిగత ఎంపిక అని లెక్కవేశారు. ఆ ఎంపికను అందంగా అమర్చిపెట్టినవారి పేరు ఏ ఆస్పత్రి రికార్డులోనూ ఎక్కలేదు.

ఇంత చెప్పాక వ్యక్తి చేతిలో ఏమీ లేదని నా ఉద్దేశమని అనుకుంటారేమో. కాదు. ఎంపిక ఎంత విలువైనదో చెప్పే ఆధారాల్లో కెల్లా బలమైనది కూడా పొగాకు గురించినదే. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో బ్రిటన్ వైద్యుల మీద మొదలుపెట్టిన అధ్యయనంలో 34,439 మంది పురుష వైద్యులను యాభై ఏళ్ల పాటు గమనించారు. 2004లో వచ్చిన ఫలితాల ప్రకారం, జీవితాంతం పొగతాగినవారు తాగనివారికంటే సగటున సుమారు 10 ఏళ్లు ముందుగా చనిపోయారు. 60 ఏళ్ల వయసులో మానేసినవారు 3 ఏళ్లు, 50లో మానేసినవారు 6 ఏళ్లు, 40లో మానేసినవారు 9 ఏళ్లు తిరిగి సంపాదించుకున్నారు. ఈ అంకెలను నేను నా దగ్గరకు వచ్చే ప్రతి పొగరాయుడికీ చెబుతాను, అరవై దాటినవారికి మరింత నొక్కి చెబుతాను, ఎందుకంటే ఇక మానినా ఏం లాభమని వారే ముందు చేతులెత్తేస్తారు.

అయితే ఆ మానేసినవారు ఎవరు? వైద్యులు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగిని కళ్లారా చూసేవారు, పొగ మానేస్తే తోటివారు మెచ్చుకునే వృత్తిలో ఉన్నవారు, విరామం కావాలంటే సిగరెట్ వంక అవసరం లేనివారు. నా దగ్గరకు వచ్చే కూలీలలో కొందరికి పని మధ్యలో ఐదు నిమిషాలు ఆగడానికి మేస్త్రీ ఒప్పుకునే ఒకే ఒక్క కారణం పొగ. దాన్ని మానేయమంటే ఆ ఐదు నిమిషాలనూ వదులుకోమన్నట్టే. మానేసే పని కూడా ఒక్కడివల్ల అయ్యేది కాదని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో మూడు దశాబ్దాల సమాచారాన్ని పరిశీలించిన నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ 2008లో చూపించారు. జీవిత భాగస్వామి మానేస్తే రెండోవారు పొగతాగే అవకాశం 67 శాతం తగ్గిందని, మనుషులు గుంపులు గుంపులుగా మానేశారని వారు రాశారు. ఒకే రకం మనుషులు ముందే స్నేహితులవుతారు కాబట్టి ఇటువంటి లెక్కల్లో ఏది కారణమో ఏది ఫలితమో పూర్తిగా విడదీయలేమని విమర్శకులు అన్నారు, ఆ విమర్శ సబబే. అయినా సంకల్పబలం అని మనం పిలిచేదానిలో చుట్టూ ఉన్నవారి వాటా ఎంతో కొంత ఉందనడానికి అది చాలు.

మొత్తం భారాన్ని ఒక్కడి మీదే పెట్టడం వల్ల జరిగే ఇంకొక నష్టం మీ దాకా రాదు, నా బల్ల దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో రోజూ చూసుకున్న చక్కెర స్థాయిలను రాసుకురమ్మని రోగులకు చిన్న పుస్తకం ఇస్తాం. నెల తర్వాత కొందరు తెచ్చే పుస్తకంలో మొదటి తేదీ నుంచి చివరి తేదీ దాకా ఒకే సిరా, ఒకే ఒరవడి, అన్నీ 110కీ 130కీ మధ్య అంకెలు. ముందు రోజు రాత్రి కూర్చుని ఒక్కసారిగా నింపినవని చూడగానే తెలిసిపోతుంది. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష వేరే కథ చెబుతుంది. వారు మోసగాళ్లు కారు. మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే అని చెప్పినప్పుడు, ఆరోగ్యం బాగుపడకపోతే తప్పు మీదేనని వారికి వినబడుతుంది. తిట్లు తప్పించుకోవడానికి చిన్నపిల్లలు చేసే పనే పెద్దవాళ్లూ చేస్తున్నారు. ఇంకొందరు అది కూడా చేయరు, రావడమే మానేస్తారు. జబ్బుతో సతమతమయ్యేవారికి పైనుంచి నింద కూడా వేస్తే అది గోరుచుట్టు మీద రోకటిపోటే అవుతుంది.

పరిస్థితుల గురించి మాట్లాడితే జనం బద్ధకిస్తారనీ, తమ బాధ్యతను సమాజం మీదికి నెట్టేస్తారనీ మీలో కొందరు సమావేశాల్లో అనడం నేను విన్నాను. నా అనుభవం దీనికి తలకిందులుగా ఉంది. పైన చెప్పిన కాపలాదారు విషయంలో వైద్యుడితో మాట్లాడి మాత్రల వేళలను ఆయన భోజనాలకు తగ్గట్టు మార్పించాం. నడకను డ్యూటీకి వచ్చే దారిలో పెట్టుకున్నాడు. బస్సు రెండు స్టాపుల ముందే దిగుతున్నాడు. తీపి లేని పానీయం ఇంటి నుంచి తెచ్చుకుంటున్నాడు. ఇవన్నీ ఆయన సొంత నిర్ణయాలే, ఆయన ఇష్టంగా తీసుకున్నవే, కాకపోతే ఆయన రోజు ఎలా గడుస్తుందో తెలిశాకే అవి సాధ్యమయ్యాయి. గేటు దగ్గర రెండో మనిషిని పెట్టమని, అర్ధరాత్రి కాసేపు లేచి తిరగనివ్వమని ఆయన యాజమాన్యానికి నేను రాసిన ఉత్తరానికి మాత్రం జవాబు రాలేదు. చక్కెర కొంత తగ్గింది, తగ్గాల్సినంత తగ్గలేదు. ఎక్కడిదాకా ఆయన చేయి అందిందో, ఎక్కడ అందలేదో ఆ రక్తపరీక్షలోనే కనిపిస్తోంది.

అందరినీ కలుపుకుని చేస్తే ఏమవుతుందో చూపిన అనుభవాలు ఉన్నాయి. ఫిన్లాండ్‌లోని ఉత్తర కరేలియాలో మధ్యవయసు మగవారు గుండె జబ్బుతో విపరీతంగా చనిపోతుంటే, 1972లో పెక్కా పుస్కా నాయకత్వంలో ఒక కార్యక్రమం మొదలైంది. వారు రోగులకు కరపత్రాలు పంచి ఊరుకోలేదు. గృహిణుల సంఘాలతో కలిసి వంటకాలు మార్చారు, మాంస ఉత్పత్తులు తయారు చేసేవారి చేత కొవ్వు, ఉప్పు తగ్గింపజేశారు, పాడి రైతులు బెర్రీల సాగుకు మళ్లేందుకు తోడ్పడ్డారు, కొలెస్ట్రాల్ తగ్గించుకోవడంలో ఊళ్ల మధ్య పోటీలు పెట్టారు. మూడున్నర దశాబ్దాలలో పనిచేసే వయసు మగవారిలో గుండె జబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. దేశమంతటా కూడా ఆ మరణాలు బాగా తగ్గాయి కాబట్టి ఘనతంతా ఆ ఒక్క కార్యక్రమానికే కట్టబెట్టలేం. అయినా వారు ఎవరెవరి తలుపు తట్టారో ఆ వరుస చూడండి, రోగి తలుపు అందులో ఒకటి మాత్రమే. ఐర్లాండ్ 2004లో మూసి ఉన్న పని ప్రదేశాల్లో పొగను నిషేధించినప్పుడు, బ్రిటన్ 2018లో తీపి పానీయాల మీద సుంకం వేసినప్పుడు కూడా ఇదే జరిగింది. సుంకం అమలులోకి రాకముందే చాలా కంపెనీలు తమ పానీయాల్లో చక్కెర తగ్గించేశాయి, తాగేవారికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇది మా శాఖ పని కాదని మీరు అనలేరు. ఆరోగ్యకరమైన ఎంపిక మనిషికి సులువైన ఎంపిక కావాలన్న ఆలోచనతో 1986లోనే కెనడాలోని ఒట్టావాలో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు నుంచి ఒట్టావా ప్రకటన వచ్చింది. ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక కారణాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2008లో ఇచ్చిన నివేదిక, సామాజిక అన్యాయం మనుషులను పెద్ద ఎత్తున చంపుతోందని ఏ మొహమాటమూ లేకుండా రాసింది. ఆ నివేదికను మీ శిక్షణ తరగతుల్లో పాఠంగా చెబుతున్నారు. పాఠం అయిపోయాక కూర్చుని రాసే కరపత్రంలో మాత్రం మళ్లీ పాత వాక్యమే వస్తోంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత ఊరికే పుట్టలేదేమో. రోగికి చెప్పడం తేలిక, యజమానికి చెప్పడం కష్టం, పరిశ్రమకు చెప్పడం ఇంకా కష్టం.

నేను అడుగుతున్నవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. కొత్త కరపత్రం ముసాయిదా సిద్ధమైనప్పుడు దాన్ని ముందుగా నిపుణుల సంఘానికి కాకుండా, రాత్రి షిఫ్టులో పనిచేసేవారికి, ఇంట్లో ఒకే గిన్నెలో వంట చేసేవారికి, ఒంటరిగా ఉండే వృద్ధులకు ఇచ్చి చదివించండి. ఏ సూచనను వారు పాటించలేరో, ఎందుకు పాటించలేరో రాసుకోండి. పాటించలేని సూచనను కొట్టేయమని నేను అనడం లేదు. దాన్ని పాటించగలిగేలా చేయాల్సింది ఎవరో కనిపెట్టి, ఆ వాక్యాన్ని వారిని ఉద్దేశించి తిరగరాయండి. రోగి చేతికి ఇచ్చే ప్రతి కరపత్రానికీ జతగా అతని పై అధికారికి, ఇంటివారికి ఒక్కొక్క పేజీ ఉండాలి. మందు వేళలు, నిద్ర, నడక, భోజన విరామం, మరుగుదొడ్డి ఇవన్నీ యాజమాన్యం బాధ్యతల్లో ఎంతవరకు వస్తాయో ఆ పేజీలో సూటిగా ఉండాలి, దాని మీద మీ శాఖ ముద్ర ఉండాలి. నా లాంటి సలహాదారు రాసిన ఉత్తరాన్ని పక్కన పడేసినంత తేలికగా ముద్ర ఉన్న కాగితాన్ని పడేయలేరు. కేసు షీటులో వృత్తి అన్న ఒక్క గడికి బదులు, ఏ వేళల్లో పని, ఎలాంటి పని, ఇంట్లో వంట ఎవరు నిర్ణయిస్తారు అన్న మూడు గడులు చేర్చండి. వాటిని నింపడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలు ఎవరు వెచ్చించాలన్న తగువు వస్తే నా ఖాతాలో వేయండి.

ఇంకొక్కటి. ప్రచారం ముగిశాక మీరు వేసే నివేదికలో ఎన్ని లక్షల కరపత్రాలు పంచామో, ఎన్ని సభలు పెట్టామో ఉంటుంది. సలహా తీసుకుని వెళ్లి మళ్లీ రానివారి లెక్క ఉండదు. నా దగ్గర ఉన్న రిజిస్టరులో అటువంటి పేర్లు చాలా ఉన్నాయి, వారి ఎదురుగా ఉన్న గడిలో “హాజరు కాలేదు” అని మాత్రమే రాసే వీలుంది, కారణం రాసే చోటు లేదు. ఈ లేఖకు మీరు జవాబు ఇచ్చేటప్పుడు తక్కినవాటి మీద ఆలోచిస్తామని రాసినా సర్దుకుంటాను, కారణం రాయడానికి ఆ రిజిస్టరులో ఒక వరుస ఎప్పటికి వస్తుందో మాత్రం తేదీతో సహా తెలియజేయగలరు.

ఇట్లు,
భవదీయ,
ఒక ఆరోగ్య సలహాదారు